నడిమి బంతి ఎవరిది?

పోయిన వారం మనం వాళ్ళిద్దర్నీ నట్టనడి మ్యాచ్‌లో, నెత్తిన వాన పడుతుండగా వదిలేసి వచ్చాం. గుర్తుందా? టెన్నిస్, పురుషుల డబుల్స్ సెమీఫైనల్. చెరో సెట్టు అయిపోయింది. రెండు పాయింట్ల తేడాతో ముందు పది చేరినవాళ్ళదే గెలుపన్న ఆఖరి టైబ్రేక్ నడుస్తోంది. మనవాళ్ళు ఎనిమిది, అవతలివాళ్ళు ఏడు. పొడుగాయన సర్వీసు చేసి నెట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. తిరిగొచ్చిన బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకీ, అతని కుడిచేతి కిందకే వచ్చింది. కళ్ళు మూసుకుని కొట్టొచ్చు. కొట్టలేదు సరికదా, రాకెట్టు దించేసి మర్యాదగా పక్కకి జరిగాడు మహానుభావుడు! బంతి దర్జాగా వెళ్ళి గీత లోపల పడింది. ఎనిమిది, ఎనిమిది. ఆ వెంటనే వాన.

"నాది అని అరిచి మరీ వదిలేస్తావేంట్రా?" అన్నాడు పొడుగాయన.

"నేనెక్కడ అరిచానన్నా?" అన్నాడు చిన్నోడు.

అక్కడ ఆపాం కదా. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. పొడుగాయన పదకొండేళ్ళు ఒకే జోడీతో ఆడాడు. ఆ జోడీ పేరు లాకర్ రూముల్లో ఎవరికీ అక్కర్లేదు, అందరికీ పుర్రచెయ్యే. ఎడంచేత్తో ఆడేవాడు, కోర్టులో కుడివైపు నిలబడేవాడు. అంటే అతని బలమైన దెబ్బ మధ్యలోకి వచ్చేది. అందుకని ఇద్దరి మధ్యకి వచ్చే బంతి, వాళ్ళ భాషలో నడిమి బంతి, ఎప్పుడూ పుర్రచెయ్యిదే. మొదటి ఏడాదే చేసుకున్న ఒప్పందం అది. బంతి రాగానే "నాదిరోయ్!" అని ఓ కేక పెట్టేవాడు. ఆ కేక వినగానే పొడుగాయన పక్కకి తప్పుకునేవాడు. రెండేళ్ళ కిందట, ఇదే టోర్నమెంటు ఫైనల్లో, నడిమి బంతి ఒకటి కొట్టి, ఆ పాయింటు గెలిచి, నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు పుర్రచెయ్యి. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు పొడుగాయన పక్కన ఆడుతున్న చిన్నోడు ఎవరో కాదు, పుర్రచెయ్యి సొంత తమ్ముడు. ఇరవయ్యారేళ్ళు వచ్చి, గడ్డం పెంచినా చిన్నోడే. అచ్చం అన్న మొహం, అన్న నడక. ఒకటే తేడా, కుడిచేతి వాటం. కాబట్టి నడిమి బంతి ఇప్పుడు న్యాయంగా పొడుగాయనది.

న్యాయం మెదడుకి తెలుసు, కాళ్ళకి తెలియద్దూ!

లాకర్ రూములో తడి తువ్వాళ్ళ వాసన, నొప్పుల మందు వాసన కలిసి ముక్కుపుటాలు అదరగొడుతున్నాయి. పైన రేకుల మీద వాన దడదడా కొడుతోంది. పొడుగాయన బెంచీ చివర కూర్చుని చిన్నోడి రాకెట్టు పిడికి కొత్త పట్టీ చుడుతున్నాడు. చేతులకి ఏదో ఒక పని లేకపోతే అతనికి తోచదు. చిన్నోడు ఎదురుగా నిలబడి కాసేపు చూశాడు.

"అన్నా, అది ఎటు చుడుతున్నావ్?"

పొడుగాయన చేతులు ఆగిపోయాయి. కుడిచేతి వాటం వాళ్ళకి పట్టీ ఒకవైపు తిప్పి చుడతారు, ఎడంచేతి వాళ్ళకి దానికి ఎదురు. తప్పు వైపు చుడితే ఆడుతుంటే అంచులు లేచిపోతాయి. అతను చుట్టింది ఎడంచేతికి.

"ఈ వారంలో ఇది మూడోసారి," అన్నాడు చిన్నోడు. గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది పొడుగాయనకి. "మొన్న ఊడిపోతే పట్టీ నాసిరకం అనుకున్నాను."

"పరధ్యానంలో ఉన్నాలేరా. ఉండు, మళ్ళీ చుడతా."

"పట్టీ సంగతి సరే. ఇందాక కేక ఎవరిది?"

ఏమని చెప్తాడు పొడుగాయన? విన్నాను, స్పష్టంగా విన్నాను, కుడివైపు నుంచి, ఆ సాగదీసిన గొంతుతోనే విన్నాను అని చెప్తే ఎవరైనా నమ్ముతారా? నమ్మితే మాత్రం ఇంకా ప్రమాదం.

"నువ్వే అన్నావేమో, గుర్తులేదేమో," అన్నాడు చివరికి.

"సరే, పద. మైకమ్మని అడుగుదాం. అక్కడ అన్నీ రికార్డయి ఉంటాయి."

వద్దనడానికి పొడుగాయన నోరు తెరిచాడు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాడు. లేచి వెంట నడిచాడు.

మైకమ్మ గది మెట్ల కింద ఉంటుంది, బీరువాకి తలుపు పెట్టినంత ఉంటుంది. కోర్టులో బంతి చప్పుడు, అంపైరు మాట, బూట్ల కీచుమోత అన్నీ అక్కడికే వచ్చి, అక్కణ్ణుంచే టీవీలకి పోతాయి. ఆవిడ యాభై దాటిన మనిషి, మెడలో కళ్ళజోడు, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ. ఆటగాళ్ళంటే బొత్తిగా భయభక్తులు లేవు.

"ఏం నాయనా, ఇద్దరూ కట్టగట్టుకుని వచ్చారు? వాన ఆపే మీట నా దగ్గర లేదు."

చిన్నోడు విషయం చెప్పాడు. ఆవిడ చిన్నగా నవ్వింది.

"ఓ, ఆ కేకా! నేను అది మీ ఎత్తు అనుకున్నా. అవతలివాళ్ళని తికమక పెట్టడానికి. ఈ టోర్నమెంటులో ఆరుసార్లు విన్నాను."

"ఆరుసార్లా?" అన్నాడు పొడుగాయన.

"మీరు డబుల్స్ వాళ్ళు నోటికి బంతి అడ్డం పెట్టుకుని తెగ రహస్యాలు మాట్లాడుకుంటారు కదా, అవతలివాళ్ళు పెదాలు చదివేస్తారని. నాకు పెదాలతో పనేంటి? బెంచీకి కట్టిన మైకు నాది. మీ సంసారాలన్నీ నాకు తెలుసు." టీ గుక్క తాగి మొహం చిట్లించింది. "కంగారు పడకండి, వానప్పుడు బెంచీ మైకుల మీటలు దించేస్తాను. మళ్ళీ ఆట పిలుపు రాగానే ఎత్తుతాను."

హెడ్‌ఫోన్ తీగ పీకి, చిన్న స్పీకరు పెట్టింది. బంతి చప్పుడు, బూట్ల పరుగు, నెట్టు దగ్గర ఎవరిదో ఊపిరి. ఆ వెనకే వచ్చింది.

"నాదిరోయ్!"

అదే సాగదీత. చివర్లో అదే విరుపు. పదకొండేళ్ళు పక్కనుంచి విన్న గొంతు.

"మా అన్న..." అన్నాడు చిన్నోడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ అన్న ఎందుకవుతాడు బాబూ," అంది మైకమ్మ, ఈసారి నవ్వకుండా. "ఇది సర్వీసు చేసినాయన దగ్గరి మైకులో గట్టిగా పడింది. నీ పక్కనున్న మైకులో గాలికి కొట్టుకొచ్చినట్టు పడింది. ఇదిగో, ఆ గొంతుకి ముందు ఊపిరి విను. అది ఈయనదే."

ఇంకోసారి పెట్టింది. ఇంకోసారి. మూడోసారికి పొడుగాయన తన ఊపిరిని గుర్తుపట్టాడు. తన గొంతులోంచి, తన నోట్లోంచి, చచ్చిపోయిన స్నేహితుడి కేక. తనే అరిచి, తనే విని, తనే పక్కకి తప్పుకున్నాడు. దయ్యం పట్టిందంటే కనీసం దయ్యానిది తప్పనుకోవచ్చు. ఇదేం ఖర్మ?

"ఇంకో మాట చెప్పనా," అంది మైకమ్మ గొంతు తగ్గించి. "మొన్న క్వార్టర్ ఫైనల్ అయ్యాక ఆ పోయినాయన భార్య, మీ వదినగారు ఇక్కడికి వచ్చింది. మావాళ్ళు ఆటగాళ్ళ కుటుంబాలకి చెవిలో పెట్టుకునే బుల్లి రేడియో ఇస్తారు కదా. కామెంటరీ ఒక నంబరు, కోర్టు మైకులు ఒక నంబరు. ఆవిడ ఎప్పుడూ మైకులే వింటుంది. పాత రికార్డింగు ఏమైనా కలుపుతున్నారా అని అడిగింది నన్ను. లేదన్నాను. తిరిగి వెళ్ళిపోయింది."

రేకుల మీద వాన పలచబడింది.

"ఆ ఫైనల్ రికార్డు ఉందా మీ దగ్గర?" అన్నాడు చిన్నోడు.

"ఉంది. కానీ ఆ పాయింటు దగ్గర జనం హోరు తప్ప ఏమీ వినపడదు. పోలీసులు కూడా విని వదిలేశారు."

చిన్నోడు పొడుగాయన వైపు తిరిగాడు. ఇద్దరూ నిలబడటానికే ఇరుకైన గది అది. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది.

"అన్నా, ఆ రోజు 'నాది' అన్నది మా అన్నేనా?"

రెండేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న. ఎవరూ అడక్కుండా పొడుగాయనే ముందుగా చెప్పేసిన జవాబు. శవం పక్కన నిలబడి చెప్పాడు, సంతాప సభలో చెప్పాడు, వాళ్ళమ్మ చేతులు పట్టుకుని చెప్పాడు. "వాడే నాది అని అరిచి వెళ్ళాడమ్మా, నేను ఆపేలోపే." ఆ ముక్క పట్టుకునే వాళ్ళింట్లో అందరూ బతుకుతున్నారు. ఇష్టపడి చేసిన పని మీద పోయాడు, అడిగి మరీ తీసుకున్నాడు ఆ బంతిని, అని పుర్రచెయ్యి భార్య వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. ఆ మాట విన్నది లోకంలో ఇద్దరే. అందులో ఒకడు పోయాడు.

గోడ మీది స్పీకరే పొడుగాయనని కాపాడింది. ఆటగాళ్ళు కోర్టుకి రావాలని పిలుపు.

"పొండి, పొండి," అంది మైకమ్మ, వరసగా మీటలు పైకి ఎత్తుతూ.

కోర్టు మీద నీళ్ళు తోసేవాళ్ళు పొడుగాటి రబ్బరు బద్దలతో వరస కట్టి నడుస్తున్నారు. మబ్బు వెనక ఎండ పాలిపోయి ఉంది. సగం జనం వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు కుర్చీలు తుడుచుకుంటున్నారు. మూడో వరసలో, ఎప్పుడూ కూర్చునే చోటే, గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది పుర్రచెయ్యి భార్య.

ఇద్దరూ నాలుగు బంతులు అటూ ఇటూ కొట్టి ఒళ్ళు వేడెక్కించుకున్నారు. చిన్నోడు ఒక్క బంతీ సూటిగా ఇవ్వలేదు. అంతలో అంపైరు కుర్చీ దిగి, గీత మీద బూటుతో రుద్ది చూసి, ఇక్కడ ఇంకా తడి ఉందని తువ్వాళ్ళవాళ్ళని మళ్ళీ పిలిచాడు. ఆటగాళ్ళు బెంచీల మీదికి చేరారు.

పొడుగాయన కూర్చున్నాక చూసుకున్నాడు, కుడివైపు ఒక మనిషికి సరిపడా చోటు వదిలాడు. ఎప్పుడూ వదులుతాడు. చిన్నోడు ఆ చోటు అవతల కూర్చుంటాడు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఇవాళ లేచి వచ్చి ఆ ఖాళీలోనే కూర్చున్నాడు.

"చెప్పు."

"మ్యాచ్ అయ్యాక చెప్తా."

"ఇప్పుడు చెప్పకపోతే నేను లేచి వెళ్ళిపోతాను. ఫైనలూ వద్దు, ఏమీ వద్దు."

ఉత్త బెదిరింపు కాదు. తమ్ముడు మొహం చూస్తే అన్న మొహమే కనపడింది పొడుగాయనకి, ఆ రోజు ఇదే బెంచీ మీద ఛాతీ రుద్దుకుంటూ కూర్చున్న మొహం. అతను జేబులోంచి బంతి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎదుటి బెంచీ వాళ్ళు పెదాలు చదవకూడదు కదా, పదకొండేళ్ళ అలవాటు. బంతి వెనక నుంచి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"టైబ్రేక్ ముందు వాడికి ఛాతీ పట్టేసిందన్నాడు. ఎడం భుజం లాగుతోందన్నాడు. గ్యాస్ అయ్యుంటుంది, పది పాయింట్లే కదా, లాగించెయ్ అన్నాను."

చిన్నోడు చెవి అతని వైపు వంచాడు.

"అవతలివాళ్ళు నెత్తి మీదనుంచి ఎత్తి కొట్టారు. మధ్యలో, వెనక్కి పడే బంతి. నేను దగ్గరున్నాను రా. రెండడుగులు వేస్తే నాదే. వాడు ఒంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. చూశాను. చూసి కూడా..." బంతిని నోటికి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "నీది అని అరిచాను."

"నీది అన్నావా?"

"నీది అన్నాను. నడిమి బంతి ఎప్పుడూ వాడిదే కదా అని నోరు జారింది. అలవాటు అని చెప్పుకుందామనుకున్నాను, అదీ అబద్ధమే. నా కాళ్ళు అలిసిపోయాయి. పరిగెత్తడానికి బద్ధకించాను, అంతే. వాడు ఒక్క మాట అనలేదు. వెళ్ళి కొట్టాడు."

చెప్పేశాక తేలిగ్గా ఉంటుందంటారు. అబద్ధం.

చిన్నోడు నెమ్మదిగా అన్నాడు, "మా అమ్మ నీకు ప్రతి పుట్టినరోజుకీ కొత్త చొక్కా పంపుతుంది. నా కొడుకు ఆఖరి మాట విన్న చెవులు నీవని."

"తెలుసు."

"వేసుకున్నావు. రెండేళ్ళూ వేసుకున్నావు."

"వేసుకున్నాను రా."

"నన్ను పిలిచి జోడీగా ఎందుకు పెట్టుకున్నావ్? ప్రాయశ్చిత్తమా?"

"వాడి పక్కన నిలబడ్డట్టుంటుందని." ఆ మాట అనేటప్పుడు పొడుగాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. "నడిమి బంతులన్నీ ఇకనుంచి నేనే కొడదామనుకున్నాను. ఒక్కటీ కొట్టలేకపోతున్నాను."

చిన్నోడు లేచాడు. రాకెట్టు అందుకుని, ఎదురు చుట్టిన పట్టీని పళ్ళతో లాగి, మొత్తం విప్పేశాడు. ఉత్త పిడి పట్టుకున్నాడు.

"ఈ మ్యాచ్ ఆడతాను, మా అన్న కోసం. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో. కానీ వదినకి నువ్వే చెప్పాలి. ఇవాళే. నేను చెప్పను."

"చెప్తాను."

"ఎలా చెప్తావ్? ఆ మాట మీదే కదా మనిషి నిలబడింది..." చిన్నోడు ఆగిపోయాడు. అతని చూపు పొడుగాయన మోకాలి పక్కకి వెళ్ళింది, అక్కడే నిలిచిపోయింది.

పొడుగాయన కూడా చూశాడు. బెంచీ కాలికి నల్ల పట్టీతో కట్టిన మైకు, వేలెడంత. దాని మొన దగ్గర ఎర్రటి చుక్క వెలుగుతోంది. పెదాలు దాచుకోవడం గుర్తుంది మహానుభావుడికి, గొంతు దాచుకోవడం గుర్తులేదు. ఆట పిలుపు రాగానే ఎత్తుతానని మైకమ్మ చెప్పనే చెప్పింది. కళ్ళముందే ఎత్తింది కూడాను.

ఇద్దరూ ఒకేసారి తల తిప్పి మూడో వరస వైపు చూశారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. గొడుగు కింద పడి ఉంది.

ఆమె మెట్లు దిగి వస్తోంది. తొందర లేదు, తడబాటు లేదు. చెవిలోంచి తీసిన బుల్లి రేడియో గుప్పిట్లో ఉంది, దాని తీగ వేలాడుతోంది. బెంచీ వెనక ఇనప కమ్మీ దగ్గరికి వచ్చి ఆగింది. కాపలా మనిషి అడ్డం రాబోయి, ఆమె మొహం చూసి వెనక్కి తగ్గాడు.

తిడుతుందనుకున్నాడు పొడుగాయన. ఏడుస్తుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. లేచి నిలబడి చేతులు జోడించబోయాడు. ఒక చేతిలో బంతి ఉంది, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మా, నేను..."

"విన్నాను అన్నయ్యా." గొంతు పొడిగా ఉంది. చెయ్యి చాచి, కమ్మీ మీదనుంచి వంగి, బెంచీ కాలి మైకుని పట్టీతో సహా లాగేసింది. ఎర్ర చుక్క ఆరిపోయింది. "నేను చెప్పేది ఇంకెవరూ వినకూడదు."

"వదినా, ఏంటది?" అన్నాడు చిన్నోడు.

ఆమె మరిది వైపు చూడలేదు. పొడుగాయన కళ్ళలోకే చూస్తోంది.

"ఛాతీ పట్టేసిందని ఆయన నీకు చెప్పింది టైబ్రేక్ ముందు. నాకు చెప్పింది ఆ రోజు పొద్దున. ఇవాళ ఆడను, డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నాడు. చొక్కా కూడా మార్చుకున్నాడు. గుమ్మం దాకా వచ్చాడు." ఆమె చేతిలో రేడియో చిటపటలాడింది. "అప్పుడు నేనేమన్నానో నీకు తెలుసా అన్నయ్యా?"

"టైమ్!" అన్నాడు కుర్చీ ఎక్కిన అంపైరు.

ఎనిమిది, ఎనిమిది. బంతి పొడుగాయన చేతిలోనే ఉంది. సర్వీసు అతనిదే.